అంతరిక్ష క్రీడ – మాతృభాషలో విజ్ఞాన విచారణ
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేళ్ల మన పాఠశాల చరిత్రను నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు సవిస్తరంగా వివరించారు. తాటాకు కప్పు కింద బడి నడిచిన కాలాన్ని చూసినవారు ఈ సభలోనే ఉన్నారు గనుక ఆ విషయం వారు చెప్పడమే న్యాయం. నేను మాట్లాడదలచినది గతాన్ని గురించి కాదు. ఇటీవల తల్లిదండ్రుల సమావేశంలో నన్ను ఇద్దరు రెండు ప్రశ్నలు అడిగారు. వాటికి ఆ రోజు సమయం చాలక క్లుప్తంగా సమాధానం చెప్పి ఊరుకున్నాను. నేడు ఇందరి సమక్షంలో వాటిని కొంచెం విపులంగా చర్చించవలెనని నా కోరిక.

మొదటి ప్రశ్న ఒక తల్లి అడిగినది. "మావాడు రాత్రిపూట సెల్‌ఫోనులో రాకెట్ల ఆట ఆడుతున్నాడు టీచర్. కోప్పడితే, బడిలో కూడా దాన్ని గురించే చెప్పుకుంటాం అంటున్నాడు. ఇదేం చదువు?" రెండవది ఒక తండ్రిగారు అడిగినది. "సైన్సంతా ఇంగ్లీషులోనే ఉన్నప్పుడు పిల్లలకు తెలుగులో సైన్సు చదివించి ప్రయోజనమేమిటి?" ఈ రెండు ప్రశ్నలకూ సంబంధం లేదని ఆ రోజు సభలో అందరూ అనుకున్నారు. నాకు మాత్రం ఒకదానికి సమాధానం వెదుకుతుంటే రెండవదానికి కూడా దొరుకుతున్నట్లు తోస్తున్నది.

ముందుగా ఆ ఆట ఏమిటో తెలియనివారి కోసం చెబుతాను. దీనిని అంతరిక్షయాన అనుకరణ క్రీడ అనవచ్చు. శత్రువును కాల్చడం, పందెంలో పరుగెత్తడం వంటివి ఇందులో లేవు. ఆడేవారు ఇంజను, ఇంధనపు తొట్టి, రెక్కలు, గొడుగు మొదలైన భాగాలను తామే కూర్చి రాకెట్టును తయారు చేసుకోవాలి. తరువాత దాన్ని ప్రయోగించాలి. అది ఎగురుతుందా, పేలుతుందా, కక్ష్యలో నిలుస్తుందా అన్నది భౌతికశాస్త్ర నియమాలను బట్టి యంత్రమే లెక్కించి చూపుతుంది. ఇటువంటి వాటిలో పేరుపొందినది 'కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్'. మెక్సికో నగరంలోని స్క్వాడ్ అనే సంస్థలో ఫెలిపే ఫలాంగే అనే యువకుడు దీనిని రూపొందించారు. 2011 జూన్‌లో మొదటి రూపం, 2015 ఏప్రిల్‌లో పూర్తి రూపం వెలువడ్డాయి. దాని రెండవ భాగమంటూ 2023లో అసంపూర్ణంగా ఒకటి విడుదలైంది కానీ, ఆ పని మధ్యలోనే నిలిచిపోయింది. అయినా పాత ఆట చావలేదు. ప్రపంచం నలుమూలల ఉన్న ఆటగాళ్లు కొత్త భాగాలను తయారు చేసి ఒకరికొకరు ఉచితంగా పంచుకుంటూ, విఫలమైన ప్రయోగాలను ఒకరికొకరు వివరించుకుంటూ దానిని బ్రతికిస్తున్నారు. అంతకు పూర్వమే, 2000 సంవత్సరంలో, లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన మార్టిన్ ష్వైగర్ అనే శాస్త్రవేత్త 'ఆర్బిటర్' అనే దానిని రూపొందించి ఉచితంగా అందరికీ ఇచ్చారు. మన పిల్లల చేతుల్లో ఎక్కువగా కనిపించేది సెల్‌ఫోనులో ఆడే 'స్పేస్‌ఫ్లైట్ సిమ్యులేటర్'. మన పూర్వ విద్యార్థి ఒకరు కెర్బల్ ఆటను కొని మన ప్రయోగశాల కంప్యూటరులో పెట్టించారు. వారు తమ పేరు చెప్పవద్దన్నారు కనుక చెప్పడం లేదు.

ఇక మన ఊరి సంగతి. మణవాళనగర్ నుంచి శ్రీహరికోట ఆకాశమార్గాన లెక్కిస్తే సుమారు 70 కిలోమీటర్లు. మబ్బులేని వేళ, ముఖ్యంగా రాత్రి ప్రయోగమైతే, మన మేడమీదికెక్కి ఈశాన్య దిక్కుకు చూస్తే రాకెట్టు కనిపిస్తుంది. ఈ భాగ్యం దేశంలో ఎన్ని బడులకు ఉన్నది? అయితే ఏళ్ల తరబడి మేము పిల్లలను మేడెక్కించి చూపిస్తున్నాము, వారు చప్పట్లు కొడుతున్నారు, దిగి వచ్చేస్తున్నారు. రాకెట్టు 'పైకి' పోయిందని వ్యాసం వ్రాస్తున్నారు. అంతటితో ముగుస్తున్నది.

ఈ ఆట వచ్చిన తరువాత పిల్లలు అడిగిన మొదటి మంచి ప్రశ్న ఇది: "టీచర్, రాకెట్టు నిట్టనిలువుగా పోకుండా సముద్రం వైపు ఎందుకు వంగిపోతుంది?" అది అంతకుముందు కూడా వంగుతూనే ఉన్నది, మేమూ చూస్తూనే ఉన్నాము. ఆటలో నిట్టనిలువుగా పంపిన రాకెట్టు ఎంత ఎత్తుకు పోయినా మళ్లీ తిరిగివచ్చి కూలిపోవడం పదిసార్లు చూచిన పిల్లవాడికి గాని ఆ వంపు కంటికి ఆనలేదు.

ఆ ప్రశ్నకు సమాధానమే కక్ష్యను గురించిన పాఠమంతా. అంతరిక్షంలో నిలవాలంటే కావలసినది ఎత్తు మాత్రమే కాదు, అడ్డంగా పోయే వేగం. తిరుత్తణి కొండమీది నుంచి ఒక రాయి విసిరామనుకోండి. అది కొంతదూరం పోయి పడుతుంది. ఇంకా బలంగా విసిరితే ఇంకా దూరంగా పడుతుంది. ఏ వస్తువైనా మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు కిందికి పడుతుంది. గుండ్రని భూమి ఉపరితలం 8 కిలోమీటర్ల దూరానికి సుమారు 5 మీటర్లు వంగుతుంది. కనుక గాలి అడ్డు లేకపోతే, సెకనుకు 8 కిలోమీటర్ల వేగంతో విసిరిన రాయి ఎంత పడుతుందో నేల కూడా అంతే కిందికి వంగిపోతుంది. అది పడుతూనే ఉంటుంది గాని నేలను తాకదు. న్యూటన్ మహాశయుడు కొండపై ఫిరంగిని ఊహించి చెప్పిన విషయమిదే. ఉపగ్రహం భూమి ఆకర్షణను తప్పించుకున్న వస్తువు కాదు, నిరంతరం పడుతూ ఉన్న వస్తువు. ఇది మన పాఠ్యపుస్తకంలో ఉన్నది. నేను ఇరవై ఏళ్లకు పైగా చెబుతున్నాను. విద్యార్థులు పరీక్షలో వ్రాస్తున్నారు. నమ్మి వ్రాసినవారు ఎందరో నాకు సందేహమే.

తూర్పుకే ఎందుకు వంగాలి అన్నది తరువాతి మెట్టు. భూమి తన చుట్టూ తాను పడమటి నుంచి తూర్పుకు తిరుగుతున్నది. శ్రీహరికోట ఉన్న అక్షాంశం వద్ద ఆ భ్రమణ వేగం సెకనుకు సుమారు 450 మీటర్లు. తూర్పుకు పోయే రాకెట్టుకు ఇది ఖర్చులేని కానుక. తూర్పున సముద్రం ఉండడం మరొక సదుపాయం. కాలిపోయిన దశలు ఊళ్ల మీద పడవు. ధ్రువాల మీదుగా తిరగవలసిన ఉపగ్రహమైతే తిన్నగా దక్షిణానికి పోవాలి కదా అని ఒక పిల్ల అడిగింది. పోరాదు, దారిలో శ్రీలంక ఉన్నది. అందుచేత పి.ఎస్.ఎల్.వి. మొదట ఆగ్నేయంగా సముద్రం మీదికి పోయి, తరువాత దక్షిణానికి మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో ఇంధనం వృథా అవుతుంది, ఆ మేరకు మోయగల బరువు తగ్గుతుంది. మన తమిళనాడులోని తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్టణంలో కొత్త ప్రయోగకేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరగడానికి ముఖ్య కారణమిదే. అక్కడి నుంచి చిన్న రాకెట్లను తిన్నగా దక్షిణానికి పంపవచ్చు. వార్తాపత్రికలో అందరం చదివిన వార్త ఇది. ఆటలో మలుపు తిప్పి ఇంధనం చాలక కూలిపోయిన పిల్లవాడు చదివినట్లు మనం చదవలేదు.

ఎత్తుకూ, కక్ష్యకూ గల భేదాన్ని బోధించడానికి నాకు రెండు నిజ ఉదాహరణలు దొరికాయి. మొదటిది మన తెలుగు అమ్మాయి శిరీష బండ్ల. ఆమె 2021 జులై 11న అమెరికాలో వర్జిన్ గెలాక్టిక్ వ్యోమనౌకలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, కొద్ది నిమిషాలు భారరహిత స్థితిని అనుభవించి తిరిగివచ్చారు. తెలుగువారందరం గర్వించాము. "ఆమె అక్కడే ఎందుకు తిరుగుతూ ఉండిపోలేదు?" అని తరగతిలో అడిగితే, పూర్వం 'గురుత్వాకర్షణ వల్ల' అనే ఒక్క మాటతో సరిపెట్టేవారు. ఇప్పుడు వెనుక బల్లమీది కుర్రవాడు లేచి "పక్కవేగం లేదు టీచర్" అన్నాడు. పక్కవేగం అనే మాట ఏ నిఘంటువులోనూ లేదు. నేను దిద్దలేదు.

రెండవ ఉదాహరణ మనకు మరింత దగ్గరిది, కొంత బాధ కలిగించేది. 2022 ఆగస్టు 7వ తేదీ ఆదివారం ఉదయం శ్రీహరికోట నుంచి ఎస్.ఎస్.ఎల్.వి. అనే చిన్న రాకెట్టును మొదటిసారి ప్రయోగించారు. అందులో ఆజాదీశాట్ అనే 8 కిలోల చిన్న ఉపగ్రహం ఉన్నది. దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది బాలికలు దాని భాగాల రూపకల్పనలో పాలుపంచుకున్నారు. రాకెట్టు దశలన్నీ మండాయి. ఉపగ్రహాలు విడిపోయాయి. అయితే 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు, ఒక కొన 356 కిలోమీటర్లు, మరొక కొన 76 కిలోమీటర్లు ఉన్న దీర్ఘవృత్త కక్ష్యలో పడ్డాయి. రెండవ దశ విడిపోయేటప్పటి అదురుకు వేగమాపకాల లెక్క చెదరడంతో, ఆ పరికరాలు చెడిపోయాయని రాకెట్టులోని గణనయంత్రం పొరబడింది. అంతే. కావలసిన వేగంలో లోటు సుమారు నూటికి ఒక పాలు. ఆ ఒక్క పాలుతో 750 మంది ఆడపిల్లల శ్రమ గాలిలో కాలిపోయింది.

మరునాడు తరగతిలో ఈ వార్త చదివించాను. "356 దాకా పోయింది కదా, మరి ఓటమి ఎందుకంటున్నారు?" అని కొందరు అడిగారు. సమాధానం నేను చెప్పలేదు. ఆట ఆడే ముగ్గురు నలుగురు బోర్డు దగ్గరకు వచ్చి గీత గీశారు. దూరపు కొన బాగానే ఉన్నది. దగ్గరి కొన గాలిలో మునిగిపోయింది. ఆ కొన వద్దకు వచ్చిన ప్రతిసారీ గాలి ఒరసి వేగం లాగేస్తుంది, వేగం పోతే కింద పడక తప్పదు. దగ్గరి కొనను ఎత్తాలంటే దూరపు కొన దగ్గర ఇంజను మండించాలి, అక్కడ ఇక ఇంధనం లేదు. ఇదంతా తొమ్మిదో తరగతి పిల్లలు, సుద్దముక్క పట్టుకొని, మన తిరువళ్లూరు తెలుగులో చెప్పిన మాటలు. 2023 ఫిబ్రవరి 10న రెండవ ప్రయోగం సఫలమై ఆజాదీశాట్-2 సుమారు 450 కిలోమీటర్ల కక్ష్యను చేరినప్పుడు వారు కొట్టిన చప్పట్లు వెనుకటి చప్పట్లు కావు.

ఇక్కడ ఒక చిన్న సంగతి, నవ్వుకోవడానికి చెబుతున్నాను. కక్ష అంటే పగ, కక్ష్య అంటే గ్రహం తిరిగే దారి. యకారం ఒక్కటే తేడా. "చంద్రుడు భూమి చుట్టూ కక్షతో తిరుగుచున్నాడు" అని ఏటేటా నలుగురైదుగురు వ్రాసేవారు. తెలుగు పండితులు ఎర్ర సిరా ఖర్చు చేసేవారు. ఆ ఏడాది నుంచి ఆ తప్పు దాదాపు కనిపించడం లేదు. మాటకు అర్థం తెలిస్తే వర్ణక్రమం దానంతటదే కుదురుకుంటుందని భాషోపాధ్యాయులు ఎప్పటి నుంచో చెబుతున్నదే.

ఈ ఆటలో నాకు అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించినది రెండు నౌకలను అంతరిక్షంలో కలపడం. ముందు పోతున్న నౌకను అందుకోవాలంటే వేగం పెంచాలని ఎవరైనా అనుకుంటారు. తిరుపతి బస్సును అందుకోవాలంటే మనం బండి వేగం పెంచుతాం కదా. కక్ష్యలో ఇది పనికిరాదు. వేగం పెంచితే కక్ష్య పెద్దదవుతుంది, చుట్టు పూర్తికావడానికి ఎక్కువ సమయం పడుతుంది, మనం ఇంకా వెనుకబడతాం. వేగం తగ్గిస్తే కొంచెం కిందికి దిగి చిన్న కక్ష్యలో తిరిగి ముందున్నదానిని అందుకుంటాం. ఈ విషయంపై మన పిల్లలు వారం రోజులు వాదించుకున్నారు. ఒక అమ్మాయి ఎంతకీ ఒప్పుకోలేదు. "ఆట తప్పు లెక్క వేస్తున్నది" అన్నది. నేను ఆమెకు చెప్పిన సమాచారం ఇది: 1965 జూన్ 3న అమెరికా వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్ జెమిని-4 నౌకలో ఉండి, తన రాకెట్టు నుంచి విడిపోయిన పైదశను చేరుకోవాలని దాని వైపు ఇంజను మండించాడు. ఎంత మండిస్తే అంత దూరమైంది. చివరికి ఇంధనం వృథా అవుతున్నదని ప్రయత్నం విరమించాడు. "అంత పెద్దవారికే తెలియలేదా?" అని ఆ అమ్మాయి ఊరట చెందింది. కానీ ఊరుకోలేదు. రెండు రోజుల తరువాత నోటుపుస్తకంలో రెండు వృత్తాలు గీసి, చిన్న వృత్తానికి సమయం తక్కువ ఎందుకో తానే లెక్క కట్టి తెచ్చింది.

2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి బయలుదేరిన స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండు, ఒక్కొక్కటి సుమారు 220 కిలోలవి, సుమారు 475 కిలోమీటర్ల ఎత్తున 2025 జనవరి 16న ఒకటితో ఒకటి కలిశాయి. అమెరికా, రష్యా, చైనాల తరువాత ఈ పని చేసిన దేశం మనది. మధ్యలో రెండు వారాలకు పైగా ఎందుకు పట్టిందని టీవీ చూస్తున్న పెద్దలు విసుగుకొన్నారు. మన పిల్లలు విసుగుకోలేదు.

చంద్రయాన్-3 విషయం కూడా ఇటువంటిదే. అపోలో నౌకలు మూడు నాలుగు రోజుల్లో చంద్రుణ్ణి చేరగా, 2023 జులై 14న బయలుదేరిన మన నౌక ఆగస్టు 23న గాని దిగలేదు. మనవారు వెనుకబడినందువల్ల కాదు. చిన్న రాకెట్టుతో పోవాలనుకున్నందువల్ల. భూమికి అతి సమీపంగా, అతి వేగంగా కదిలే చోట కొంచెం కొంచెంగా ఇంధనం మండిస్తూ దూరపు కొనను క్రమంగా చంద్రుని వైపు సాగదీశారు. అదే నెలలో రష్యా పంపిన లూనా-25 ఆగస్టు 19న చంద్రునిపై కూలిపోయింది. 84 సెకన్లు మండవలసిన ఇంజను 127 సెకన్లు మండిందని ఆ దేశపు సంస్థ ప్రకటించింది. ఇంజను ఆపడం మరచి చంద్రుణ్ణి గుద్దుకోవడం మన పిల్లలకు ఆటలో నిత్యానుభవం.

ఈ మాటలు విని నేను సెల్‌ఫోనులకు వకాల్తా పుచ్చుకున్నానని ఎవరూ అనుకోరాదు. ఆ తల్లి అడిగిన ప్రశ్నలో న్యాయం ఉన్నది. రాత్రి పదకొండు గంటలకు దుప్పటి కింద ఆడే ఆట ఎంత శాస్త్రీయమైనదైనా కళ్లకు చేటే, మరునాటి పాఠానికి చేటే. ఆటలో మరికొన్ని భాగాలు కావాలంటే డబ్బు కట్టమని అడుగుతుంది. అది తల్లిదండ్రులకు తెలియకుండా జరగరాదు. ముఖపరిచయం లేని ఆటగాళ్లతో సంభాషణ విషయంలో ఇంటి పెద్దల కన్ను ఉండాలి. ఆటలోని లోకం నిజం కాదన్నది మరొక సంగతి. కెర్బల్ ఆటలోని భూమి వ్యాసార్థం 600 కిలోమీటర్లు, మన భూమిది 6,371. అక్కడ సెకనుకు 2.3 కిలోమీటర్ల వేగంతో కక్ష్య చేరవచ్చు. ఇక్కడ 7.8 కావాలి. పిల్లవాడు అరగంటలో సాధించినదానికి శ్రీహరికోటలో వేలమంది ఏళ్ల తరబడి ఎందుకు శ్రమిస్తున్నారో చెప్పవలసినవారు ఉపాధ్యాయులు.

అన్నిటికంటె నాకు కష్టం కలిగించేది పేలుడును చూచి నవ్వడం. ఆటలో రాకెట్టు పేలితే అందరూ నవ్వుతారు. ఒక మీట నొక్కితే కాలం వెనక్కి పోయి రాకెట్టు మళ్లీ వేదికపై నిలబడుతుంది. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలో ఘన ఇంధనాన్ని పరీక్షకు సిద్ధం చేస్తుండగా అంటుకున్న మంటల్లో ఆరుగురు మరణించారు. వారికి మీట లేదు. ఈ విషయం తరగతిలో చెప్పిన రోజు పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. అలాగే ఆటలోని ప్రయోగకేంద్రం చుట్టూ మనుషులుండరు. శ్రీహరికోట దీవిలో రాకెట్టు రాకముందు యానాదులు ఉండేవారు. అడవిని, పులికాట్ సరస్సును నమ్ముకొని బ్రతికినవారు. రాకెట్టు కథ చెప్పేటప్పుడు వారి కథను కూడా చెప్పమని మా సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులను కోరాను. వారు చెబుతున్నారు.

మరొక లోపం మన ఇళ్లలోనిది. సెల్‌ఫోను మగపిల్లల చేతికి వచ్చినంత సులువుగా ఆడపిల్లల చేతికి రావడం లేదు. మొదట్లో వాదనల్లో మగపిల్లల గొంతే వినిపించేది. ప్రయోగశాల కంప్యూటరు వద్ద వంతులు పెట్టిన తరువాత గాని ఆడపిల్లలు ముందుకు రాలేదు. ఇందాక చెప్పిన రెండు వృత్తాల అమ్మాయి ఇంట్లో ఫోను ముట్టనివ్వరు. ఆమె తన వంతు వచ్చేదాకా కాగితం మీదనే రాకెట్టు నడిపేది. వంతు వచ్చినప్పుడు అందరికంటె తక్కువ ఇంధనంతో కక్ష్య చేరేది.

ఇక రెండవ ప్రశ్నకు వస్తాను. సైన్సు ఇంగ్లీషులోనే ఉన్నప్పుడు తెలుగు ఎందుకు? ఈ ప్రశ్న మన బడికి కొత్త కాదు, కానీ ఇప్పుడు ఇది ప్రాణసంకటమైన ప్రశ్న. తల్లిదండ్రులు పిల్లలను తెలుగు మాధ్యమం నుంచి మాన్పిస్తే తరగతులు మూతపడతాయి. మూతపడిన తరగతి మళ్లీ తెరుచుకోవడం నేనెక్కడా చూడలేదు. మనం ఉన్న చోటు ఎటువంటిదో తెలిసినదే. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సర్దుబాటు జరిగి చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, ఇటు సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు పోయింది. గీత మారింది గాని ఇళ్లలో మాట మారలేదు. ఉపాధ్యాయ దినోత్సవం నాడు మనం స్మరించే డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో ఆ తిరుత్తణిలోనే తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆయన ఇంగ్లీషులో ప్రపంచానికి తత్త్వశాస్త్రం చెప్పారు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చిన తరువాత మన పిల్లలు తమిళం తప్పనిసరిగా చదువుతున్నారు. ఉన్న రాష్ట్రపు భాష రావలసిందే, అందులో నాకు భిన్నాభిప్రాయం లేదు. ఇంగ్లీషు కూడా రావాలి. కెర్బల్ ఆటలో తెలుగు లేదు. అందులోని మాటలన్నీ పిల్లలు ఇంగ్లీషులోనే చదివి నేర్చుకున్నారు. పైచదువులు ఇంగ్లీషులోనే అన్న సంగతి దాచి మిమ్మల్ని మభ్యపెట్టడం నా ఉద్దేశం కాదు.

నేను గమనించినది ఇంతే. కక్ష్యావేగమంటే ఏమిటని ఇంగ్లీషులో అడిగితే మన పిల్లవాడు పుస్తకంలోని వాక్యాన్ని అప్పజెబుతాడు, తప్పులేకుండా అప్పజెబుతాడు. అక్కడితో ఆగుతాడు. ఎదుటివాడితో వాదించవలసి వచ్చినప్పుడు, "అది కాదురా, నువ్వు దగ్గరి కొన చూడటం లేదు" అనవలసి వచ్చినప్పుడు, ఇంటి మాట తప్ప మరొకటి వాడి నోట రాదు. ఆ వాదనలోనే వాడికి విషయం తెలుస్తున్నది. ఆటగాళ్లు ఏ దేశంలోనైనా చేసేది ఇదే. కూలిన రాకెట్టును ముందు పెట్టుకొని ఎందుకు కూలిందో ఒకరికొకరు చెప్పుకుంటారు. మెక్సికో వాడు స్పానిషులో చెప్పుకుంటాడు, జపాను వాడు జపనీసులో చెప్పుకుంటాడు. మన పిల్లలు తెలుగులో చెప్పుకుంటే అది వెనుకబాటు ఎందుకవుతుంది? భ్రమణం, పరిభ్రమణం, త్వరణం, ద్రవ్యవేగం, పలాయన వేగం – మన పాఠ్యపుస్తకాలు ఎంత చక్కని మాటలు ఇచ్చాయి! ఇన్నాళ్లు అవి పరీక్ష గదిలో మాత్రమే ఊపిరి పీల్చుకున్నాయి. ఇప్పుడు భోజన విరామంలో, వేపచెట్టు కింద, పప్పన్నం తింటూ పిల్లలు పలాయన వేగాన్ని గురించి తగవులాడుకుంటుంటే, ముప్పయ్యేళ్లుగా ఈ వృత్తిలో ఉన్న నాకు కలిగిన సంతోషం ఇంతింత అనరానిది. పిల్లలను ఇంగ్లీషు మాధ్యమంలో చేర్చే ముందు ఒక్కరోజు వచ్చి ఆ చెట్టు కింద కూర్చొని వినండి అని ఆ తండ్రిగారిని ఆహ్వానించాను. వారు వచ్చారు. నిర్ణయం వారిది. అబ్బాయి ఈ ఏడు మన బడిలోనే ఉన్నాడు.

పాఠశాల తీసుకున్న నిర్ణయాలను కూడా సభకు మనవి చేయాలి. సెల్‌ఫోను బడిలోకి తేరాదన్న నియమంలో ఏ మార్పూ లేదు. ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు గంటల పాటు ప్రయోగశాలలో ఉపాధ్యాయుల సమక్షంలో వంతుల ప్రకారం ఆడతారు. ఆడిన సమయానికి సమానంగా వాదనకు సమయం. విఫలమైన ప్రతి ప్రయోగానికి కారణం తెలుగులో అరపుట వ్రాయాలి. శ్రీహరికోటలో నిజమైన ప్రయోగం ఉన్నరోజు మేడమీద చూచి, అది వంగిన దిక్కు, కనిపించిన సమయం దినచర్య పుస్తకంలో నమోదు చేస్తారు. ఇళ్లలో రాత్రి తొమ్మిది తరువాత ఫోను ఇవ్వవద్దని తల్లిదండ్రులను ప్రార్థిస్తున్నాను. ఇక పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. ఉన్న కంప్యూటరు ఒక్కటే. మీ కార్యాలయాల్లో పక్కన పెట్టిన పాతవి ఉంటే రెండు మూడు ఇప్పించండి. అంతరిక్ష రంగంలోనో, ఇంజనీరింగులోనో ఉన్నవారు ఏడాదికి ఒక శనివారం వచ్చి పిల్లలతో కూర్చోండి. వారి ప్రశ్నలు కొంచెం గడుసుగా ఉంటాయి, కోపగించుకోవద్దు.

సభామండపం బయట ఎడమవైపు బల్లమీద పిల్లలు తయారు చేసిన పదపట్టిక పుస్తకం పెట్టాము. ఆటలో వచ్చే ఇంగ్లీషు మాటలకు తాము వాడుతున్న తెలుగు మాటలు అందులో వ్రాశారు. కొన్ని పుస్తకాలవి, కొన్ని వారి సొంతం. 'డాకింగ్' అనే మాట దగ్గర మాత్రం ఇంకా ఖాళీ ఉన్నది. ఒక వర్గం 'కూడిక' అంటున్నది. లెక్కల్లో కూడికతో గందరగోళపడతామని మరొక వర్గం 'జోడింపు' అంటున్నది. మూడో వర్గం, ఇద్దరే ఉన్నారు, 'లంకె' అని పట్టుబట్టి కూర్చున్నారు. భోజనానికి వెళ్లే ముందు అక్కడ ఆగి మీ మాట ఏదో వారికి చెప్పి వెళ్లండి.